దారం లాగిన చెయ్యి

ఆ వీధిలో ఇప్పుడు టైలరు కొట్టు లేదు. ఆ గదిలో ఫోన్లు అమ్ముతున్నారు. అద్దాల తలుపు, కళ్ళు చెదిరే లైట్లు, చెవులు చిల్లులు పడేలా పాటలు. కొట్టు మూసేసి చాన్నాళ్ళయినా, సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు టైలరు మాస్టారు ఆ తలుపు ముందు కాసేపు ఆగుతారు. బట్ట కత్తిరించే బల్ల ఎక్కడుండేదో, ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టేవారో, మిషను కింద దొరసాని ఏ మూల పడుకునేదో ఆయన బయట నిలబడే చూపించగలరు. చూపించమని అడిగేవాళ్ళే లేరు.

దొరసాని అంటే పిల్లి. గోడలెక్కి తిరిగే వీధిపిల్లి కాదు, జాతి పిల్లి, పర్షియన్. ఒళ్ళంతా తెల్లటి బొచ్చు, చప్పిడి ముక్కు, రాగి రంగు కళ్ళు, నడుస్తుంటే నేల ఊడ్చే తోక. దాని తాతముత్తాతల పేర్లన్నీ ఎక్కడో రాసి ఉన్నాయట. ఆ సంగతి విన్నరోజున మాస్టారు, "మా తాత పేరు దాటితే నాకే తెలీదు, దీనికి ముత్తాత కూడా ఉన్నాడా?" అన్నారు.

అసలు మాస్టారి సంగతి చెప్పాలి. వీధిలో ఆయన్ని అందరూ దారాల మాస్టారు అనేవాళ్ళు. బట్ట మీద వేలాడే దారం కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. అది తన బట్టా, పరాయి బట్టా అన్న విచక్షణ లేదు. బస్సులో ముందు సీటాయన కాలరు మీదైనా సరే, చటుక్కున పట్టుకు లాగేస్తారు. ఓసారి బ్యాంకు మేనేజరుతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన జేబు అంచున వేలాడుతున్న దారం లాగితే, జేబు సగం ఊడి చేతికొచ్చింది. ఆ జేబు మళ్ళీ కుట్టిచ్చి, క్షమాపణ చెప్పి, బయటికొస్తూ వాచ్‌మన్ చొక్కా మీద ఇంకో దారం లాగారు. ఏం చేస్తాం, చేతికి పట్టిన అలవాటు.

అలాంటి మనిషికి పెళ్ళి వయసు ఎప్పుడో దాటిపోయింది. తండ్రి పోయాక తమ్ముళ్ళ పెళ్ళి బట్టలు, చెల్లెళ్ళ పెళ్ళి బట్టలు, వాళ్ళ పిల్లల బట్టలు కుట్టడంతోనే ఆయన నడివయసు కాస్తా గడిచిపోయింది. నెత్తి మీద వెంట్రుకలు పలచబడ్డాక అక్కయ్యకి జ్ఞానోదయమైంది.

"లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఉందిరా. నీలాగే ఇంట్లోవాళ్ళందరికీ చేసి చేసి మిగిలిపోయింది. ఓసారి మాట్లాడు" అంది.

"ఈ వయసులో నన్నెవరు చేసుకుంటారక్కా?"

"ఆవిడకి నువ్వొక్కడివే సమస్య కాదులే. పిల్లి కూడా ఉంది" అంది అక్కయ్య.

లైబ్రరీ పక్కన టీకొట్టులో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆవిడ టీ చల్లారనిచ్చి తాగింది. తర్వాత నింపాదిగా చెప్పింది.

"మీ గురించి మంచిమాటలే విన్నానండి. ఒక్కటే చెప్తాను. నా పిల్లి మీ ఇంట్లో సర్దుకోకపోతే నేనూ సర్దుకోలేను. ఇది బెదిరింపు కాదు. నా సంగతి నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నాను."

మాస్టారికి అందులో అభ్యంతరం కనిపించలేదు. పిల్లే కదా, ఓ మూల పడుంటుంది అనుకున్నారు. పిల్లి సంగతి ఆయనకేం తెలుసు.

పెళ్ళయింది. కొట్టు వెనకే ఇల్లు. రెంటికీ మధ్య ఒక తలుపు. ఆవిడ లైబ్రరీకి వెళ్ళగానే దొరసాని ఆ తలుపు దాటుకుని కొట్టులోకొచ్చేది. ఆ రోజుల్లో ఆయన చేతిలో ఎప్పుడూ నల్లకోట్లే. కోటు మీద తెల్లబొచ్చు పడితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మొదటి నెలంతా మాస్టారికి తలప్రాణం తోకకొచ్చింది. కోటు దులపడం, పిల్లిని అవతలికి పంపడం, అది మళ్ళీ రావడం.

"బొచ్చు రాలుతోందంటే మనం సరిగ్గా దువ్వట్లేదని అర్థమండి" అని ఆవిడ ఓ ఆదివారం ఆయన్ని నేలమీద కూర్చోబెట్టింది. వెడల్పాటి పళ్ళున్న దువ్వెన చేతికిచ్చింది. చెవుల వెనక, చంకల్లో, పొట్ట కింద చిక్కులు పడతాయని చూపించింది. చిక్కు పడ్డచోట లాగకూడదు, మొదలు దగ్గర వేళ్ళతో పట్టుకుని కొసనుంచి విప్పుకుంటూ రావాలి. ముక్కు చప్పిడి కాబట్టి కళ్ళల్లోంచి నీరు కారుతూనే ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో రోజూ తుడవాలి. లోతు గిన్నెలో పెడితే తినలేదు, పళ్ళెంలో పెట్టాలి. పాలు పొయ్యకూడదు.

"పిల్లికి పాలు పొయ్యకూడదా?" అన్నారు మాస్టారు. చిన్నప్పటినుంచీ విన్నదంతా అబద్ధమైపోయినట్టు మొహం పెట్టారు.

"కడుపు చెడిపోతుంది. ఇంకో సంగతి. తోక ఊపితే సంబరం అనుకోకండి. అది కుక్కల లెక్క. ఇది తోక విసురుతోందంటే చిరాకులో ఉందని. దానికి మీరంటే నమ్మకం కుదిరితే మీకేసి చూసి కళ్ళు మెల్లగా మూసి తెరుస్తుంది. మీరూ అలాగే చెయ్యాలి."

మాస్టారు ఆ విద్య బుద్ధిగా సాధన చేశారు. బటన్లు కుడుతూ కుడుతూ మిషను కిందికి చూసి కళ్ళు మెల్లగా మూసి తెరిచేవారు. అవతల కొలతలివ్వడానికొచ్చిన పెద్దావిడ అది తన గురించే అనుకుని చరచరా వెళ్ళిపోయింది. సంజాయిషీ చెప్పడానికి ఆయన అక్కయ్యని పంపాల్సొచ్చింది. "మా తమ్ముడు మంచివాడేనమ్మా, పిల్లితో మాట్లాడుతున్నాడు" అని అక్కయ్య చెబితే ఆ పెద్దావిడకి అనుమానం ఇంకా పెరిగింది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, మిషను తొక్కుతున్న ఆయన పాదం పక్కన వెచ్చగా తగిలింది. దొరసాని ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆయన కిందికి చూశారు. అది కళ్ళు మెల్లగా మూసి, తెరిచింది. ఆ సంగతి సాయంత్రం ఆవిడకి రెండుసార్లు చెప్పారు మాస్టారు. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఈ రోజుకీ ఆయన తన జీవితంలో మంచికాలం ఏదంటే ఆ వానాకాలమే అంటారు. మిషను చప్పుడు, బయట వాన, కాలి మీద పిల్లి, సాయంత్రానికి ఇంటికొచ్చే మనిషి. అంతకుముందు ఆయన ఇంటికి సాయంత్రం ఎవరూ వచ్చేవారు కాదు.

ఆవిడ ఒక్క విషయంలో గట్టిగా చెప్పింది. "దారాలు దానికి అందనివ్వకండి. దాని నాలుక మీద వెనక్కి తిరిగిన ముళ్ళుంటాయి. దారం నోట్లోకి వెళ్తే అది ఉమ్మెయ్యలేదు, మింగాల్సిందే."

మాస్టారు రీళ్ళన్నీ డబ్బాలో పెట్టేవారు. నేల రోజూ ఊడ్చేవారు. కానీ ఓ వారం ఒక బ్యాండు మేళం వాళ్ళకి అందరికీ కోట్లు కావాల్సొచ్చాయి. ఊపిరి సలపని పని. తాత్కాలికంగా వేసిన కచ్చాకుట్టు విప్పితే వచ్చే పొడుగాటి దారాలు నేలమీద పడుతూనే ఉన్నాయి.

ఆ వారంలోనే ఒక పొద్దున దొరసాని తినలేదు. ఆవిడ లైబ్రరీకి వెళ్తూ, "కాస్త చూస్తుండండి, నలతగా ఉంది" అంది. పది దాటాక అది రెండుసార్లు కక్కింది. మాస్టారు మిషను ఆపి దగ్గరికెళ్ళారు. దాని నోటి పక్కనుంచి తెల్లటి దారం ఒకటి వేలాడుతోంది.

ఆయన ఆలోచించలేదు. ఆలోచించడానికి అందులో ఏముంది, దారం వేలాడుతోంది. పట్టుకుని లాగారు. కొంత వచ్చింది. వేలికి చుట్టుకుని మళ్ళీ లాగారు, ఈసారి గట్టిగా. దారం బిగుసుకుంది. దొరసాని పెట్టిన కేక అలాంటిలాంటిది కాదు. అప్పుడు ఆయన తన చేతికేసి చూసుకున్నారు. ఆ చెయ్యి తనది కానట్టనిపించింది.

చేతికందిన కోటులో పిల్లిని చుట్టారు. అది మేళం నాయకుడి కోటు, నల్లది, మర్నాటికి ఇవ్వాల్సింది. కొట్టు తలుపులు బార్లా తెరిచి పెట్టే పరిగెత్తారు. లైబ్రరీకి వెళ్ళి, "దారం మింగింది" అన్నారు. కోటు మడత తీసి పిల్లిని చూపించారు. ఆవిడ కళ్ళజోడు బల్ల మీద వదిలేసి వచ్చి ట్యాక్సీ ఎక్కింది. దారి పొడుగునా పిల్లి తల మీద చెయ్యి వేసి కూర్చుంది. పిల్లికేమైనా అయితే ఈ మనిషి నాకు మిగలదు అని ఆయనకి తెలుసు. టీకొట్టులో చెప్పిన మాట ఆవిడ ఊరికే చెప్పలేదు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ నోరు తెరిచి చూసింది. దారం నాలుక కింద చుట్టుకుని, రెండో కొస లోపలికి వెళ్ళిపోయి ఉంది.

"దీన్ని ఎవరైనా లాగారా?"

"లేదండీ" అంది ఆవిడ వెంటనే. "ఆయనకి చెప్పే ఉంచాను. చూడగానే నా దగ్గరికి తీసుకొచ్చారు."

మాస్టారు తల వంచుకున్నారు. ఆ మాట చాటున దాక్కోవచ్చు. కొట్టులో ఎవరూ చూడలేదు. పిల్లికి నోరు లేదు. ఊరుకుంటే ఆ సాయంత్రం, ఆ మిషను చప్పుడు, అంతా ఎప్పటిలాగే ఉండిపోవచ్చు. ఆయనకి ఊరుకోవాలనే అనిపించింది. బాగా అనిపించింది.

"లాగానండీ. ఓసారి లాగితే వచ్చింది. మళ్ళీ గట్టిగా లాగాను" అన్నారు.

ఆవిడ ఆయనకేసి చూడలేదు. డాక్టరమ్మ మాత్రం చేతులు కడుక్కుంటూ చెప్పింది. "ఒక కొస పైన పట్టేసి, రెండో కొస పేగుల్లోకి దిగితే, పేగంతా దారం మీదికి ముడుచుకుంటుందండి."

"బొందు లాగితే కుచ్చులు పడ్డట్టు" అన్నారు మాస్టారు.

"అంతే. ఇంకా లాగితే ఆ కుచ్చుల దగ్గరే కోసుకుపోతుంది. చెప్పడం మంచిదయింది. ఆపరేషన్‌లో పేగు ఈ కొసనుంచి ఆ కొసదాకా వెతుక్కుంటూ వెళ్తాను."

బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత చోటు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి. పక్కన ఒకాయన చొక్కా చేతికి దారం వేలాడుతోంది. మాస్టారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. పేగు ఒకచోట కోసుకుపోయిందనీ, కుట్టాననీ, ఇక అది తినడం మొదలుపెడితేనే గట్టెక్కినట్టనీ చెప్పింది. పిల్లి రోజుల తరబడి పస్తుంటే కాలేయం చెడిపోతుందట.

కొన్నాళ్ళకి ఇంటికి పంపించారు గానీ, దొరసాని పళ్ళెం దగ్గరికి రాలేదు. గొరిగిన పొట్ట మీద కుట్లేసుకుని మంచం కింద పడుకుంది. మెత్తగా ఉడికించిన చేపని ఆవిడ గోరువెచ్చగా చేసి వేలికి రాసి మూతికి తాకిస్తే, ఏదో మొహమాటానికన్నట్టు కాస్త నాకి మొహం తిప్పుకునేది. మాస్టారు దగ్గరికి పోలేదు. గదికి అవతలి గోడ దగ్గర నేలమీద కూర్చుని, కళ్ళు మెల్లగా మూసి తెరుస్తూ ఉండేవారు. అది చూసేది కాదు. కొట్టు తెరవలేదు. మేళం వాళ్ళు ఏ కోట్లేసుకుని వాయించారో ఆయనకి తెలీదు. ఒకరోజు అక్కయ్య వచ్చి చూసి, నోరు మూసుకుని వంట చేసి వెళ్ళిపోయింది. అక్కయ్య నోరు మూసుకోవడం ఇంట్లో అదే మొదటిసారి.

ఒక ఉదయం పళ్ళెం గచ్చు మీద జరుగుతున్న చప్పుడైంది. దొరసాని తింటోంది. మూతి పెట్టి తోస్తూ తోస్తూ, పళ్ళేన్ని గోడదాకా తీసుకెళ్ళి తినేసింది. తర్వాత మూతి నాక్కుని, మాస్టారికేసి ఒక చూపు చూసి, కళ్ళు ముయ్యకుండానే వెళ్ళి పడుకుంది. అది ఆయన్ని క్షమించడానికి వేసవి దాకా పట్టింది. క్షమించాక మాత్రం ఏళ్ళ తరబడి ఆయన కాలి మీదే పడుకుంది. ముసలిదై, కళ్ళు మసకబారి, ఒక మధ్యాహ్నం అక్కడే నిద్రలో పోయింది.

అది తిన్నరోజున ఆవిడ ఖాళీ పళ్ళెం కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకుంటూ, "మీకు వీలైతే ఇవాళ నాతో ఒకచోటికి రావాలండి. సామాను తెచ్చుకోవాలి" అంది.

"ఎక్కడినుంచి?"

"నా గదినుంచి."

మాస్టారికి అర్థం కాలేదు. ఆవిడ వెంట వెళ్ళారు. పెళ్ళికి ముందు ఆవిడ అద్దెకున్న ఇల్లే అది. నెలకోసారి, పాత ఇంటావిడని పలకరించి వస్తానని వెళ్ళేది. మేడ మీద గది తాళం ఆవిడ తన సంచిలోంచే తీసింది.

లోపల అన్నీ ఉన్నాయి. మంచం మీద ఉతికిన దుప్పటి. కిటికీ పక్కన మడత పెట్టిన పాత శాలువా, పిల్లి పడుకునేంత. మూల ఒక పళ్ళెం. దాని పక్కన వెడల్పాటి ట్రే, అందులో పిల్లి దొడ్డికెళ్ళే ఇసుక. దుమ్ము పట్టలేదు. శుభ్రంగా, చదునుగా, ఈ నెలే మార్చినట్టుంది.

ఆ ట్రే చూశాక మాస్టారికి సంగతి అర్థమైంది. ఆ వానాకాలమంతా, ఆయన జీవితంలో మంచికాలమంతా, ఆవిడా పిల్లీ వెనక్కి వచ్చెయ్యడానికి ఈ గది సిద్ధంగా ఉంది.

"ఈ గది వదిలేద్దామనే అనుకునేదాన్నండి. ప్రతి నెలా అనుకునేదాన్ని" అంది ఆవిడ, దుప్పటి మడత పెడుతూ. "ధైర్యం చాలలేదు. మీరేం చేశారని కాదు. ఆరోజు డాక్టరు దగ్గర నేను కాదన్నాను. మీరు ఊరుకుంటే సరిపోయేది. నా మొహం మీదే లాగానన్నారు. ఇంకా ఈ గది దేనికనిపించింది."

మాస్టారు వంగి ట్రే ఎత్తారు.

"ఇసుక పారబోసి తెమ్మంటారా?"

"వద్దు. ఇంట్లో దానికి మార్చే రోజు దగ్గర పడింది. అలాగే పట్టుకురండి."

మెట్లు దిగుతుంటే మాస్టారికి కళ్ళనీళ్ళు ఆగలేదు. రెండు చేతులూ ట్రేకే సరిపోయాయి, తుడుచుకోవడానికి లేదు. వెనకాల పరుపు చుట్ట చంకన పెట్టుకుని దిగుతున్న ఆవిడ, "నెమ్మదండీ, చివరి మెట్టు ఎత్తుగా ఉంటుంది" అంది.