తక్కువొస్తేనే పాసు

పర్శరాములు తాత చదివింది నాలుగో తరగతి. ఇంగ్లిష్ మాట ఏది చెవిన పడ్డా, దాన్ని గుంజి తెలుగులోకి దింపేదాకా ఆయనకు తిండి సహించేది కాదు.

తొంభై మూడులో పెద్దపల్లిలో బండ్ల పొగ కొలిచే సెంటర్ పెడుతున్నారు, ఒక మెకానిక్ కావాలన్నారు. సుల్తానాబాద్‌లో తాత పనిచేసే లారీల రిపేరు షెడ్డు అప్పటికే మూతపడింది. ఈ కొలువు రాకపోతే సిరిసిల్లకు పోయి సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, గుడ్డ నేయాలి. పదేళ్లప్పుడే మగ్గం గుంటలోంచి లేచి లారీల వెనక ఉరికిన మనిషికి అంతకంటే శిక్ష లేదు.

"పొల్యూషన్ సెంటరట. పొల్లు సంగతి నాకెర్క లేదా?" అని బయల్దేరాడు.

"నీ తలకాయ! గది వడ్ల పొల్లు కాదు" అని భార్య యాదవ్వ నవ్వింది. అయినా కొత్త తెల్ల తువ్వాల సంచిలో పెట్టింది.

పరీక్ష పెట్టేది ప్రమోదిని మేడం. ఇరవై ఆరేళ్లు. పొగ గురించే కాలేజీలో చదివిందట. పొగకు కూడా చదువుంటుందని విని తాత తెరిచిన నోరు మూయలేదు.

"పొల్యూషనంటే ఏందో చెప్పుండ్రి."

"డీజిల్ల పొల్లు, మేడం."

పక్కనున్న గుమస్తా ఫక్కుమన్నాడు. తాత చెవులు ఎర్రబడ్డాయి గానీ మాట ఆగలేదు. "కాలింది బండిని గుంజుతది. కాలంది నల్లగ బయటికొస్తది. వడ్లు తూర్పార పడితే పొల్లు ఎగిరిపోదా? గట్లనే."

మేడం నవ్వలేదు. బయట నిలిచిన లారీ పొగగొట్టానికి మిషన్ తగిలించింది. ముల్లు ఎనభైకి దుమికింది.

"అరవై అయిదు దాటొద్దు. దించుండ్రి చూద్దాం."

తాత తువ్వాలను గొట్టానికి అడ్డం పట్టాడు. అంటిన మసిని వేలితో రుద్దాడు. "పొడి మసి. జిడ్డు లేదు. డీజిల్ చిమ్మే నాజిల్ మంచిగనే ఉన్నది, ఇంజనుకు గాలే అందుతలేదు." గాలి జల్లెడ ఊడదీసి దుమ్మంతా దులిపాడు.

ఈసారి ముల్లు నలభై ఒకటి దగ్గర ఆగింది. నలభై ఏళ్లుగా తన వేలికొక్కదానికే తెలిసిన సంగతి అద్దం వెనక ముల్లు చెబుతుంటే తాతకు ఒళ్లు జల్లుమంది.

"ఎగిరిన పొల్లు ఏడికి పోతది మేడం?"

"మసి మన ఊపిరిల కూసుంటది. కండ్లకు కానరాని పొగ పైననే ఉంటది, ఏండ్లకేండ్లు. దాంతోనే భూమి వేడెక్కుతది."

"నేను సాగనంపిన లారీలదంతా ఇంకా పైననే ఉన్నదా?"

"ఉన్నది. రేపటి సంది పనికి రాండ్రి."

ఇంటికొచ్చినా తాత ఆకాశం దిక్కే చూస్తున్నాడు. నల్లబడిన తువ్వాల చూసి యాదవ్వ అడిగింది, "ఎన్నొచ్చినయి?"

"నలభై ఒకటి."

"అయ్యో, గంతేనా!"

"తక్కువొస్తేనే పాసే పిచ్చిదానా" అన్నాడు తాత, మెడ దించకుండానే.