మూడు టకటకలు, ఒక ఊపిరి

గోడకు అవతల చీమ తుమ్మితే, అది ఏ కాలు ఎత్తి తుమ్మిందో పాముచెవుల బాబాయి చెప్పేస్తాడు. సరే, చీమ అన్నది కాస్త ఎక్కువే. బల్లి అనుకోండి. ఇంటి ముందుగదిలోనే వాయిద్యాలు బాగుచేసే కొట్టు ఆయనది. మీటలుండే ఇంగ్లీషు ఫ్లూటులో ఏ మీట దగ్గర గాలి పోతోందో చెవితోనే పట్టేస్తాడు.

అంతటి చెవులకూ ఒకరోజు భార్య పిలుపు వినబడలేదు. ఆమె ఉబ్బసం మనిషి. గొంతు పెగలనప్పుడు పక్కగదిలోంచి మంచం కమ్మీ మీద గోటితో మూడుసార్లు కొట్టేది. ఆరోజు ఎన్నిసార్లు కొట్టిందో ఏమో, బాబాయి ఎవరిదో ఫ్లూటు సరిచేస్తూ కూర్చున్నాడు. లేచి వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ గదికి తాళం వేసి రెండేళ్లయింది.

అన్నగారి అమ్మాయి తన ఫ్లూటు శుభ్రం చేయమని ఇచ్చింది. కచేరీ రోజు మధ్యాహ్నం వచ్చి, మీటలు నొక్కి చూసి లబోదిబోమంది.

"ఏం చేశావ్ బాబాయ్ దీన్ని?"

"మీటలన్నీ లొడలొడలాడుతుంటే అడుగున మెత్తటి గుడ్డ అంటించి నోరు మూయించా. ఇప్పుడు పిల్లి నడిచినట్టు లేదూ?"

"ఆ లొడలొడే నాక్కావాలి! కచేరీకి నేను కట్టిన బాణీ అంతా అదే. ఊదకుండా మీటలు కొట్టాలి, గొట్టంలోంచి ఊపిరి లోపలికి పీల్చాలి."

"మరి రాగం?"

"లేదు."

"ఇంతోటి దానికి ఫ్లూటెందుకే? నా సైకిల్ పంపు ఇద్దును."

అమ్మాయి నవ్వలేదు. "ఆరింటికి వాయించాలి బాబాయ్. ఏడాది కష్టం."

బాబాయి చాకుమొనతో గుడ్డముక్కలు ఒక్కొక్కటే ఊడదీస్తూ వచ్చాడు. అమ్మాయి రాసుకున్న కాగితం చూస్తూ, గుడ్డ తీసిన ఓ మీట కొట్టి పరీక్షించాడు. టక్, టక్, టక్. ఆగాలి. తర్వాత ఊపిరి. అమ్మాయి గొట్టానికి నోరు ఆనించి పీల్చింది. సన్నగా, పిల్లికూతలా సాగి, చివర ఎక్కడో చిక్కుకుని ఆగింది.

బాబాయి చాకు కింద పెట్టేశాడు. "ఇది నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్తారు? దానంతటదే వచ్చింది."

అమ్మాయి ఫ్లూటు బల్లమీద పెట్టింది. ఇద్దరి చేతులూ ఖాళీగా ఉన్నాయి. టక్, టక్, టక్.

"ఆ తాళం గదిలో ఎవరున్నారు బాబాయ్?"

"ఎలకలు," అన్నాడాయన. ఎలకలకు లెక్కలు రావని ఆయనకూ తెలుసు.

ఇంకా ఒక్క గుడ్డముక్క మిగిలింది, కచేరీలో మూడు దెబ్బలు కొట్టాల్సిన మీట కిందిదే. అది తీయకపోతే ఆ మూడు దెబ్బలూ ఎవరికీ వినబడవు. తనకూ వినబడవు. చాకు దాని మీదే చాలాసేపు ఆగింది. తర్వాత దాన్నీ గీకేశాడు.

సాయంత్రం హాల్లో రెండో వరసలో కూర్చున్నాడు. మొదటి మూడు దెబ్బలకు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. రెండోసారి కళ్లు మూసుకున్నాడు. మూడోసారి లేచి నిలబడి, "వస్తున్నానే," అన్నాడు గట్టిగా. హాలంతా తలలు తిప్పి చూస్తుండగా బయటికి నడిచాడు. కచేరీ ముగించి అమ్మాయి ఇంటికి వచ్చేసరికి ఆ గది తాళం తీసి ఉంది. ఆయన మంచం పక్కన నేలమీద కూర్చుని, కమ్మీ మీద చెయ్యి వేసి, ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నాడు.

ఈ మాట ఎవరైనా ఎత్తితే బాబాయి కస్సుమంటాడు. "ఎవడు చెప్పాడు మీకు? నేనసలు ఆ కచేరీకి వెళ్లనే లేదు. ఎవరూ నన్ను పిలవలేదు, నేనూ పలకలేదు. వెళ్లండి, పని చూసుకోనివ్వండి."