గౌలిపుర యాదమ్మ కుడిచెయ్యి

1974 వానాకాలంలో నన్ను కాన్పుల వార్డు నుంచి ఆక్యుపేషనల్ థెరపీ విభాగానికి ఆయాగా మార్చారు. మాది పాతబస్తీలో ఒక సర్కారు దవాఖాన. చదవడం, రాయడం వచ్చిన ఆయా కావాలని ఆ విభాగం అడిగింది. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. చర్చి వెనక పెద్దల బడిలో అక్షరాలు నేర్చుకుని రెండేళ్ళు కాలేదు. నా రాత చూస్తే పిల్లలు రాసినట్టుండేది. అయినా ఆయాల్లో రాయగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ విభాగం ఏం చేస్తుందో దవాఖానలో చాలామందికి తెలియదు. కంపౌండర్లు మా గదిని బొమ్మల గది అనేవారు. మందు లేదు, సూది లేదు. పడిపోయిన చెయ్యి చేత మళ్ళీ అన్నం తినిపించడం, బొత్తాం పెట్టించడం, జడ వేయించడం మా పని. దాన్ని నడిపేది బొంబాయిలో చదువుకొచ్చిన శకుంతల మేడం. ఆమె కింద నేనొక్కదాన్నే.

యాదమ్మ ఆ కార్తీకంలో వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. గౌలిపురలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఇల్లు. పోలియో జ్వరం వచ్చి తగ్గింది గానీ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. తల్లీదండ్రీ పొద్దున్నే పాలు పోయడానికి వెళ్ళిపోతారు కాబట్టి నాయనమ్మ ఎల్లమ్మ తీసుకొచ్చేది. పోలియోలో కండరం ఎంత తిరిగొచ్చినా మొదటి ఆరేడు నెలల్లోనే ఎక్కువగా వస్తుందని మేడం చెప్పారు. అప్పటికే రెండు నెలలు పోయాయి.

చికిత్స ఉచితమే. కానీ మణికట్టు నిలబెట్టే తోలుపట్టీకీ, వారానికి మూడుసార్లు రిక్షాకీ ఆ ఇంట్లో డబ్బు లేదు. దవాఖానలో గరీబు రోగుల నిధి ఒకటుండేది. మేడం దరఖాస్తు రాశారు, సూపరింటెండెంట్ మంజూరు చేశారు. షరతు ఒకటే. వరసగా మూడుసార్లు రాకపోతే ఫైలు మూసేస్తారు. మళ్ళీ తెరవాలంటే సోషల్ వర్కర్ ఇంటికెళ్ళి చూసి రిపోర్టు ఇవ్వాలి. ఆ పోస్టేమో ఏడాదిగా ఖాళీ.

గొడవ చెంచాతో వచ్చింది. కుడిచెయ్యి బలపడేదాకా పిల్ల తన తిండి తాను తినాలని మేడం ఎడమచేతికి చెంచా ఇచ్చారు. ఎల్లమ్మ చెంచా లాక్కుని బల్ల మీద పెట్టింది. "ఎడమ చేత్తోని బువ్వ తినుడు నేర్పిస్తరా? రేపు పెండ్లిల బంతిల కూసుంటే దీన్ని లేపి పంపుతరు మేడం" అంది. మేడం నెమ్మదిగా సర్దిచెప్తున్నారు. నాకు ఓపిక లేకపోయింది. ఆ మధ్యాహ్నం ఇంకా ఏడుగురు పిల్లలు కాచుకుని ఉన్నారు. "సచ్చిపోయిన చెయ్యికి కుడేంది, ఎడమేంది" అనేశాను. ఎల్లమ్మ పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ వారం వాళ్ళు రాలేదు. మూడుసార్లూ "రాలేదు" అని నేనే హాజరు పట్టీలో రాశాను. మొండి మనుషులని మేడంతో అన్నాను కూడా. ఫైలు మూతపడింది. తోలుపట్టీ ఇంకా తయారే కాలేదు. సోషల్ వర్కర్ లేకపోతే నువ్వే వెళ్ళి చూసి రాయి, నేను కింద సంతకం చేస్తానని మేడం నన్ను పంపారు.

పొద్దున ఆరింటికి గౌలిపుర వెళ్ళాను. అది పాలు పితికే వేళ. ఎల్లమ్మ ఒక ముసలి బర్రె పక్కన కూర్చుని ఉంది. ఆమె మోకాళ్ళ మధ్య యాదమ్మ. పిల్ల కుడిచేతిని చన్ను చుట్టూ పెట్టి, పైన తన చెయ్యి వేసి ఎల్లమ్మ పితుకుతోంది. నన్ను చూడగానే పిల్ల చెయ్యి తీసి లంగాలో దాచుకుంది.

ఎందుకు రావడం లేదని అడిగాను. చెంచా సంగతి మాట్లాడుతుందనుకున్నాను. ఎల్లమ్మ బర్రె మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పింది. "మేడంతోని మాకు లొల్లి లేదు ఆయమ్మా. చెంచ కాడ నేనే సముదాయించుకుందును. నువ్వన్న మాట ఇది ఇన్నది. ఆనాటి నుంచి చెయ్యి బయటికి తీస్తలేదు. గీ బర్రె కాడనే తీస్తది."

అప్పుడు పిల్లే అడిగింది.

"ఆయమ్మా, నా చెయ్యి సచ్చిపోయిందా?"

నేను పేడలోనే గొంతుక్కూర్చున్నాను. చెయ్యి చూపించమన్నాను. చాలాసేపటికి తీసింది. ఎల్లమ్మను పట్టుకోవద్దని, పిల్లను ఒక్కదాన్నే పితకమన్నాను. వేళ్ళు సగమే మూసుకున్నాయి. మొదట ఏమీ రాలేదు. నాలుగోసారో అయిదోసారో చన్ను కొసన ఒక చుక్క నిలిచి, చెంబులో పడింది.

"సచ్చిన చెయ్యి పాలు పిండదు బిడ్డా. నేనే తప్పు మాటన్న" అన్నాను.

పిల్ల చెంబులోకి చూసుకుంది. బర్రె కదలకుండా నిలబడింది. "ఇంకెవ్వలన్న ముడితే తంతది. దీన్ని మాత్రం ఏమనది" అని ఎల్లమ్మ బర్రె గురించి చెప్పింది.

ఆ రోజే రిపోర్టు రాశాను. ఒకటిన్నర పేజీ రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. నేనన్న మాట వల్లే వాళ్ళు రావడం మానేశారని కూడా అందులో రాశాను. ఆ వాక్యం కొట్టేయనా అని మేడం అడిగారు. వద్దన్నాను. సూపరింటెండెంట్ గారికి తెలుగు చదవడం రాదు, నన్నే చదవమన్నారు. అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివాను. చికిత్స గదిలో పాలు పితకడం నేర్పిస్తామన్న చోట ఆయన ఆపి, "యే దవాఖానా హై యా తబేలా?" అన్నారు. "సాబ్, బచ్చీ కా హాత్ తబేలే మేచ్ ఖులా" అన్నాను. ఆ పిల్ల చెయ్యి తెరుచుకున్నది తబేలాలో, బర్రెల కొట్టంలోనే కదా, ఉన్నమాటే చెప్పాను. ఆయన నవ్వలేదు. మూడు నెలలకు మంజూరు చేసి, నెలనెలా కండరాల పరీక్ష ఫలితం తన బల్ల మీదికి రావాలని రాశారు. ఆ పరీక్షలో బలానికి సున్నా నుంచి అయిదు దాకా మార్కులుంటాయి. యాదమ్మ వేళ్ళకు అప్పుడు రెండు.

ఆపరేషన్ థియేటర్‌లో పక్కన పడేసిన రబ్బరు గ్లవుజులు తెచ్చాను. నీళ్ళు నింపి, మూతి బిగించి సెలైన్ స్టాండుకు కట్టి, వేళ్ళ కొసల్లో సూదితో పొడిచాం. కింద బకెట్. మేడం గ్లవుజు వేలు పట్టుకుని కిందికి లాగి చూపిస్తే ఎల్లమ్మ నోరు నొక్కుకుంది. "గట్ల గుంజితే బర్రె తంతది మేడం. మీదికెళ్ళి ఒక్కొక్క ఏలు మూసుకుంట రావాలె" అని పైవేలి నుంచి మొదలుపెట్టి చేసి చూపించింది. ఒక్కొక్క వేలూ విడిగా మూయడమే మేడంకి కావలసిన వ్యాయామం. ఆమె అది నోట్సులో రాసుకున్నారు, ఎల్లమ్మ పేరుతో సహా. ఎడమచేతి చెంచా మాట మళ్ళీ ఎత్తలేదు.

తోలుపట్టీ వచ్చింది. మూడో నెల పరీక్షలో మూడు మార్కులు వచ్చాయి, బొటనవేలికి మాత్రం రెండే. సూపరింటెండెంట్ గారు ఏమీ అడగకుండా గడువు పొడిగించారు. మరుసటి ఎండాకాలానికి పిల్ల కుడిచేత్తో ముద్ద కలిపి నోటి దాకా తెచ్చుకుంది. సగం ఒళ్ళో పడేది. బొటనవేలికి పూర్తి బలం ఎప్పుడూ రాలేదు. జాకెట్టు హుక్కులు తల్లే పెట్టేది. ఇంతకంటే బాగైందని నేను చెప్పను.

ఆ తర్వాత మా విభాగంలో పద్ధతి మారింది. కొత్త పిల్ల వస్తే, ఇంట్లో వాళ్ళ చేతులు పొద్దున లేచింది మొదలు ఏం పని చేస్తాయో అడిగి, దాన్నిబట్టే వ్యాయామం పెట్టేవాళ్ళం. గాజుల పనివాళ్ళ పిల్లకు లక్క ముద్ద, దర్జీ కొడుక్కి కత్తెర. నా మటుకు నేను నేర్చుకున్నది వేరే ఉంది. పిల్లల చేతుల గురించి పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు పిల్లలు వింటున్నారని గుర్తుపెట్టుకోవాలి. ఈ మాట నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. నా తర్వాత వచ్చిన ఆయాలకు మొదటి రోజే చెప్పేదాన్ని.