తౌనో రెండో పాట

తౌనో గొంతు బాగుపడింది పెళ్ళాం వదిలేసి వెళ్ళిన వారంలోనే అని మా ఊళ్ళో అందరూ అంటారు. వినడానికి దారుణంగా ఉంటుంది గానీ అబద్ధమైతే కాదు. అంతకుముందు పదేళ్ళ పాటు, సరస్సు ఒడ్డున మా చెక్క డాన్సు హాల్లో అతను మైకు పట్టుకున్నాడంటే జనం కాఫీ కౌంటరు దారి పట్టేవాళ్ళు. మార్చిలో ఒక మంగళవారం అతని పెళ్ళాం సిర్కా తన కుట్టుమిషనూ, కాఫీ కెటిలూ కారులో పెట్టుకుని వెళ్ళిపోయింది. శనివారం తౌనో ఎప్పుడూ పాడే పాటే పాడాడు, స్టేషన్లో చెయ్యి ఊపుతూ మిగిలిపోయిన మనిషి పాట. ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు తీశారు. మగవాళ్ళు కిటికీలోంచి నీళ్ళకేసి చూశారు. ఫిన్లాండులో మగవాడు ఏడవడమంటే అంతే.

అక్కణ్ణుంచి పన్నెండేళ్ళు అవే పాటలు. ఓడ కదిలిపోయే పాట, ఉత్తరం చింపేసే పాట, నీ దారి నీది నా దారి నాది అనే పాట. పక్క ఊళ్ళ నుంచి కూడా ఆ గొంతు వినడానికి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. "పాపం, ఇంకా మర్చిపోలేదు," అని నిట్టూర్చేవాళ్ళు.

మర్చిపోక ఏం! నాలుగేళ్ళకే మర్చిపోయాడు. ఓడ పాట పాడుతున్నప్పుడు అతని బుర్రలో తిరిగేది తన టాక్సీకి చలికాలం టైర్లు ఎప్పుడు మార్పించాలా అని. బడి పిల్లల్ని తీసుకొచ్చి తీసుకెళ్ళే టాక్సీ అతనిది. బాధ ఎప్పుడో అయిపోయింది, పాటలే అవ్వలేదు. ఆ సంగతి బయటపెడితే జనం ఏమంటారో అని నోరు కుట్టేసుకున్నాడు. అసలే నోట్లో నాలుక లేని మనిషి.

పొద్దున్నే పిల్లల్ని దింపాక బడి వంటింట్లో ఐలా అతనికి కాఫీ ఇచ్చేది, యాలకుల బన్నుతో. ఐలా అక్కడ వంటమనిషి, భర్త పోయి చాలాకాలమైంది. రోజూ పావుగంట. నాలుగేళ్ళుగా ఆ పావుగంట కోసమే తౌనో పొద్దున లేస్తున్నాడని ఆ టాక్సీలో పిల్లలకి కూడా తెలుసు.

పన్నెండో ఏడు ఆగస్టు ఆఖర్లో బడి వంటిల్లు మూసేస్తున్నారని తెలిసింది. ఇకమీదట తిండి పట్నం నుంచి వ్యానులో వస్తుందట.

బుధవారం ఐలా కాఫీ పోస్తూ చెప్పింది. "మా అక్క ఉత్తరాన తనుండే టోర్నియోకి రమ్మంటోంది. అక్కడో హాస్టల్లో వంటపని ఉందిట. సోమవారం వస్తానో రానో చెప్పాలి."

తౌనో బన్ను నములుతున్నాడు.

"ఎవరైనా ఉండమంటే ఉంటానేమో," అంది ఆమె, గిన్నె తుడుస్తూ, అతనికేసి చూడకుండా.

"టోర్నియో రోడ్డు బాగా వేశారు," అన్నాడు తౌనో.

ఏం మనిషండీ! గోడకి చెప్పుకున్నా కాస్త నయం.

కారెక్కాక తల స్టీరింగుకేసి కొట్టుకున్నాడట. సాయంత్రం అకార్డియన్ వాయించే ఎర్కి దగ్గరికెళ్ళి అంతా చెప్పుకున్నాడు. ఎర్కి అతనితో చిన్నప్పటి నుంచి ఉన్నవాడు.

"ఒరే, నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు ఎర్కి. "నువ్వు సుఖపడితే మా బ్యాండు గతేంటి? నీ ఏడుపు మీద బతుకుతున్నాం రా మేం!"

"నవ్వులాటలొద్దురా. ఏమని చెప్పను?"

"ఏముంది, ఉండిపో అను. ఒక్క మాట."

"రావట్లేదు."

"అయితే పాడి చావు. అదైనా వచ్చుగా."

ఇంటికెళ్ళి తౌనో పాటల నోటుపుస్తకం తిరగేశాడు. నూట నలభై పాటలు. వెళ్ళిపో, మర్చిపో, తిరిగి చూడకు, నేనెలాగో బతుకుతాలే. ఉండిపో అనే పాట ఒక్కటంటే ఒక్కటి లేదు.

శనివారం వచ్చింది. ఆ ఏటికి అదే ఆఖరి డాన్సు. రాత్రి ఎనిమిదింటికి కూడా ఎండ హాలు నేల మీద పడుతోంది, బయట సాసేజిలు కాలుతున్న వాసన.

మా దగ్గర డాన్సంటే రెండు పాటలు. మగవాడు బల్ల దగ్గరికెళ్ళి తల వంచుతాడు, రెండు పాటలు ఆడతాడు, మళ్ళీ అదే బల్ల దగ్గర ఆమెని దింపి థాంక్స్ చెప్తాడు. ఒక్క పాటకే వదిలేశాడంటే ఆమె మొహాన కొట్టినట్టే. వెంటనే మూడో పాట కూడా ఆమెతోనే ఆడాడంటే మర్నాటికి ఊరంతా పెళ్ళి మాటలే. అందుకే బ్యాండు కూడా పాటలు జంటలుగానే వాయిస్తుంది. తౌనో ఏనాడూ ఆ లెక్క తప్పలేదు.

ఐలాని ఆ సాయంత్రం రెయినో అడిగాడు. రిటైరైన ఫారెస్టు ఆఫీసరు, వెదురులా నిటారుగా ఉంటాడు, మర్యాద ఒక్క పిసరు తగ్గనివ్వడు. తౌనో ఓడ పాట పాడాడు. అయింది. జంటలన్నీ ఎప్పట్లాగే నేల మీదే నిలబడ్డాయి, వాన గురించి మాట్లాడుకుంటూ, రెండోదానికి ఎదురుచూస్తూ.

రెండోది, నీ దారి నీది.

ఎర్కి మొదలెట్టాడు. తౌనో మైకు దగ్గరికి వచ్చాడు. ఎదురుగా ఐలా, సరిగ్గా అతని మొహంలోకే చూస్తోంది. వెళ్ళు అన్న మాట ఆ మొహం చూస్తూ అనడం అతనివల్ల కాలేదు. ఎర్కి మొదటి ముక్కే మళ్ళీ వాయించాడు. మళ్ళీ వాయించాడు. హాలంతా ఒక్క పాటతో గాల్లో వేలాడుతోంది. ముసలి ఆడవాళ్ళు గుండెల మీద చేతులు వేసుకున్నారు.

తౌనో మైకు స్టాండులో పెట్టి మెట్లు దిగాడు. జనం తప్పుకున్నారు. తిన్నగా ఐలా దగ్గరికి వెళ్ళి తల వంచాడు.

"ఆగవయ్యా," అన్నాడు రెయినో. "నాకింకా ఒక పాటుంది. ఆడదాన్ని ఒక్క పాటకే వదిలేసే రకంలా కనిపిస్తున్నానా నీకు? వెళ్ళి బల్ల దగ్గర నిలబడు."

ఏం చేస్తాడు! తల తీసేసినట్టయి తౌనో వెళ్ళి బల్ల దగ్గర, ఐలా హ్యాండుబ్యాగు పక్కన నిలబడ్డాడు. మాటల్లేకుండా ఎర్కి ఒక్కడే ఆ పాటంతా వాయించాడు. ఇరవై రెండేళ్ళుగా పాడుతున్న పాట అంత పొడుగుందని తౌనోకి అప్పుడే తెలిసింది.

రెయినో ఆమెని తీసుకొచ్చి బల్ల దగ్గర దింపాడు, థాంక్స్ చెప్పాడు. తౌనో వైపు తిరిగి, "ఆవిడవి కొత్త చెప్పులు, తొక్కకు," అని వెళ్ళిపోయాడు.

తౌనో మళ్ళీ తల వంచాడు.

"మరి పాడేదెవరు?" అంది ఐలా.

"ఎవరూ పాడక్కర్లేదు."

మొదటి పాట ఆడారు. ఆ తర్వాత అందరూ వాన గురించి మాట్లాడుకునే ఆ కాస్త విరామంలో తౌనో, "టోర్నియో వెళ్ళద్దు," అన్నాడు.

"రోడ్డు బాగుందన్నావుగా?"

"బాగానే ఉంది. ఉండిపో ఐలా."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎర్కి రెండో పాట అందుకున్నాడు, అదీ అయిపోయింది. రివాజు ప్రకారం తౌనో ఆమెని బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు. హాల్లో ఒక్కరూ తమ జంట వైపు చూడటం లేదు, అందరి కళ్ళూ వీళ్ళ మీదే. థాంక్స్ చెప్పాలి, వెనక్కి తిరగాలి.

ఐలా కూర్చోలేదు. పక్కనున్న ముసలమ్మ చేతిలో తన హ్యాండుబ్యాగు పెట్టి, "కాస్త చూస్తుండు అత్తా," అని చెప్పి, ఊరంతా చూస్తుండగా తౌనో చెయ్యి పట్టుకుంది.

"పద," అంది. "మూడోది."