తడిసిన ముడులు

ముసురు పట్టి నాలుగు రోజులైంది. చర్ల నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మ వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని ఉంది.

“వేళ్లకేమైందమ్మా?” అన్నాను.

“బీర పందిరి ముడులు ఇప్పిన బిడ్డా. తడిసిన తాడు, గోర్లు లేచినయ్. పందిరి నిలవడితే గాలి తీగను వేర్లతోని పీకుతది. కింద పండవెడితే బతుకుతది.”

“కొడవలితో తాళ్లు కోసేస్తే పోయేది కదా?”

“కోస్తే, వాన ఎలిసినంక మళ్ల దేంతోని కట్టాలె? ఈ వానల్ల గిది మూడోసారి.”

ఇప్పుడు చెల్లెలి పందిరి విప్పడానికి పోతోందట. ఆ మాట చెప్పి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను దిగేటప్పుడు చూస్తే, నిద్రలోనే ఆమె వేళ్లు ఒడిలో ముడి విప్పుతున్నట్టు కదులుతున్నాయి.

మా పెరట్లో బీర పందిరికి ఇప్పటికీ నేను జారుముడులే వేస్తాను.