పెట్రోల్లోనే ఏదో ఉందన్నాను

గుంటూరులో కార్ల కరెంటు పనులు చేసే షెడ్డు నడిపిన రోజుల్లో నాకు ఒళ్ళంతా పొగరే. రెండువేల సంవత్సరం దాటాక ఐదారేళ్ళ నాటి మాట. కార్లలోకి కంప్యూటర్లు వచ్చి, పాత మేస్త్రీలంతా బానెట్ ఎత్తి బిక్కమొహాలు వేస్తున్నారు. నేను మద్రాసు వెళ్ళి స్కానర్ మిషను కొనుక్కొచ్చాను. కారుకి తగిలిస్తే లోపల ఏం చెడిందో తెర మీద చూపిస్తుంది. అది చేతికొచ్చాక మనుషులు చెప్పేది వినడం మానేశాను.

మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒక షావుకారు గారి కారు నా దగ్గరికే వచ్చేది. అప్పటికే ఆరేడేళ్ళు వాడిన బండి. దాని డ్రైవరు యాభై దాటిన మనిషి, పొన్నూరు వైపు నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. బండి నా చేతికిచ్చి ఊరికే కూర్చోకుండా, నేను ఏ తీగ పట్టుకుంటే దాని వైపు లైటు పట్టేవాడు.

ఆ ఎండాకాలం కారు మొరాయించడం మొదలుపెట్టింది. షావుకారు గారు రైతుల దగ్గరికి కనిగిరి వైపు వెళ్ళేవారు. పొద్దున బయల్దేరి పొదిలి దాకా బాగానే పోయేది. అక్కడ టీకి ఆపితే మళ్ళీ లేచేది కాదు. అరగంటో, ముప్పావుగంటో ఆగాక ఏమీ ఎరగనట్టు ఒక్క తిప్పుకే లేచేది. బాబాయ్ నాకు ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "వేడెక్కి ఆపితేనే లేవదు మేస్త్రీ, చల్లారితే లేస్తది. ఇంజన్ మీద తడి తువ్వాలు ఏస్తే ఇంకా తొందరగా లేస్తది" అన్నాడు. ఇంజన్‌కి జ్వరమొచ్చిందా బాబాయ్ అని నేను వేళాకోళం చేశాను.

రోగం మొత్తం ఆ రెండు ముక్కల్లోనే ఉంది. నాకు మాత్రం మిషను చెబితేనే రోగం. షెడ్డులో నీడన పెట్టి తగిలిస్తే తెర మీద ఏ తప్పూ కనపడలేదు. నేను ఊరవతల లాం దాకా తోలి తెచ్చాను, గుర్రంలా పోయింది. అయినా ప్లగ్గులు మార్చాను, పెట్రోలు పంపు మార్చాను, ఎర్తు తీగలన్నీ విప్పి గీకి బిగించాను. ప్రతిసారీ ఇక ఢోకా లేదని చెప్పి పంపాను. ప్రతిసారీ పొదిలిలో ఆగింది. పొదిలి వెళ్ళి ఆగిన కారుని ఆగిన చోట చూద్దామని మాత్రం నాకు తోచలేదు. తోచినా వెళ్ళేవాణ్ణి కాదు, షెడ్డు వదిలి రోగి ఇంటికి పోవడం నాకు నామోషీ.

ఐదోసారి బాబాయ్‌తో పాటు షావుకారు గారే వచ్చారు. భార్యతో కలిసి రోహిణి ఎండలో రోడ్డు పక్కన గంటసేపు నిలబడ్డారట. "నీకు తెలియకపోతే తెలియదని చెప్పవయ్యా, మద్రాసు పంపిస్తా" అన్నారు, షెడ్డులో నలుగురు వింటుండగా. నా మొహం మాడిపోయింది. తెలియదు అన్న ఒక్క మాట అనలేక, "కార్లో ఏం లేదండి. పెట్రోల్లోనే ఏదో ఉంది" అన్నాను.

మా ప్రాంతంలో ఆ మాట ఎంత సులువుగా అంటుకుంటుందో నాకు తెలుసు. పత్తికి కొట్టిన మందు కల్తీ, వేసిన విత్తనం కల్తీ, ఆడించిన కారం కల్తీ. పురుగు చావకపోయినా, మొక్క కాయకపోయినా ఇంకో కారణం వెతికే ఓపిక ఎవరికీ మిగలని ఏళ్ళవి. పెట్రోలు పోయించేది బాబాయ్; కొంత తీసి అమ్ముకుని కిరసనాయిలు కలిపాడనే అర్థం. షావుకారు గారు మెల్లగా ఆయన వైపు తిరిగారు. బాబాయ్ నా వైపు చూశాడు. నేను స్కానర్ వైరు చుట్టుకుంటూ కూర్చున్నాను. మర్నాడు ఆయన తాళాలు ఇచ్చేసి పొన్నూరు వెళ్ళిపోయాడని తెలిసింది.

ఆ వారమే వానలు పడ్డాయి. ఆ తర్వాత చలి. కారు ఒక్కసారి కూడా ఆగలేదు. దొంగ పోయాడు, బండి బాగుపడిందని యార్డంతా అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ నిద్ర మీదే నాకు అన్నిటికంటే అసహ్యం.

మళ్ళీ ఏప్రిల్లో, కొత్త డ్రైవరు చేతిలో, అదే పొదిలిలో ఆగింది. షావుకారు గారు ఈసారి నన్ను వెంట తీసుకెళ్ళారు. టీ కొట్టు ముందు ఆపి, తాగి వచ్చి తిప్పితే లేవలేదు. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పురవ్వ లేదు. పెట్రోలు కల్తీదైతే రవ్వ ఎందుకు పోతుంది? ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి కబురు చెప్పే సెన్సర్ ఒకటి ఉంటుంది, బొటనవేలంత ముక్క. దాని మీద చెంబుడు నీళ్ళు పోసి తిప్పాను. లేచింది. లోపలి తీగ వేడికి విడిపోయి, చల్లారితే కలుస్తోంది. పది నిమిషాల పని.

ఏమైందయ్యా అని షావుకారు గారు అడిగారు. చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. "సెన్సరండి, కొత్తగా పోయింది" అన్నాను. ఆయన నా భుజం తట్టారు.

ఏడాది తర్వాత ఒక రైస్ మిల్లులో జనరేటర్ వైరింగు పని మీద పొన్నూరు వెళ్ళాను. గేటు దగ్గర బాబాయ్ కాపలా కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెట్రోలు దొంగ అన్న పేరు ఆయన కంటే ముందే ఊరు చేరిందట, ఎవరూ బండి ఇవ్వలేదు. పని అయ్యాక పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. సెన్సర్ సంగతి, నీళ్ళు పోసిన సంగతి, తప్పు నాదేనన్న సంగతి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. ఆయన చివరిదాకా విన్నాడు.

"షావుకారు గారికి చెప్పావా?" అన్నాడు.

లేదన్నాను.

"నేను తియ్యలేదని నాకు తెలుసు గదా అబ్బాయ్. తెలిసినోడికొచ్చి చెబుతావేంది?"

లోపల ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయాడు. షావుకారు గారి కారు ఆ తర్వాత మూడేళ్ళు నా షెడ్డుకే వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆయన ఎదురుగానే కూర్చునేవారు. నేను చెప్పలేదు.