రాజన్న మ్యాప్‌లో తెల్ల మచ్చ

నిన్న పొద్దున్న ఫోన్ చూసి "రాజన్నా" అంటూ నేను కూలబడిపోతే, మా ఇంట్లో అందరికీ ఒకటే డౌట్.

"ఎవరే ఆ రాజన్న? ఎప్పటినుంచి నడుస్తోంది?" అంది అమ్మ.

అమ్మా, ఆయనకి నాన్న వయసు. మైత్రీవనం కోచింగ్ సెంటర్లో నాకు శాటిలైట్ మ్యాపులు నేర్పిన మనిషి. సార్ అంటే ఒప్పుకోడు, అన్నా అనాల్సిందే.

ఆయన భార్య పద్మక్క పెట్టిన మెసేజ్ ఒక్క లైనే. "మీ అన్న పోయిండు."

ఆయనకి చూపించడానికే ఆ రోజు మ్యాప్ చేస్తూ కూర్చున్నా. సగంలో ఉంది.

సిరిసిల్లలో సాంచాల షెడ్డులో, మరమగ్గాల మధ్య నూలు దుమ్ము పీలుస్తూ పెరిగాడు. ఊపిరితిత్తులు అక్కడే పోయాయి. "మా చిన్నప్పుడు గాలి ఎట్లున్నదో చెప్పేటోడే లేకుండె" అనేవాడు.

అందుకే గాలి సంగతి చెప్పడానికి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టాడు. ఆస్తమా ఉన్న టైలర్లు, పిల్లల తల్లులు, పంజాగుట్ట ట్రాఫిక్ కానిస్టేబుల్ యాదగిరి గారు.

ఎక్కడో ఛత్తీస్‌గఢ్ అడవిలో మంట శాటిలైట్‌లో ఎర్ర చుక్కగా కనిపిస్తే, గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ పొగ మన మీదికి ఎప్పుడొస్తుందో రాసేవాడు.

"ఎల్లుండి మాస్కులు పెట్టుకోన్రి."

అంతే. రోజూ పొద్దున్న ఆరింటికి.

పోయినేడు పెళ్లికి ఊరెళ్తూ ఒక్క రోజు నాకు అప్పగించాడు. మ్యాప్‌లో హైదరాబాద్ మీద తెల్లగా, ఖాళీగా ఉంది. "ఈరోజు గాలి బాగుంది" అని పెట్టేశా. పక్కన స్మైలీ కూడా.

సాయంత్రానికి యాదగిరి గారు ఎమర్జెన్సీ వార్డులో ఉన్నారు. నా మెసేజ్ చూసి మాస్క్ తీసి జేబులో పెట్టుకున్నారట.

రాజన్న తిట్టలేదు. "గా తెల్లది సాఫ్ గాలి కాదు బిడ్డా. పొగ మరీ మందంగ ఉంటే కంప్యూటర్ మబ్బనుకొని లెక్కలకెళ్లి తీసేస్తది. ఖాళీ కనవడ్డ కాడనే ఫికర్ చెయ్యాలె."

తర్వాత స్కూటర్ మీద యాదగిరి గారింటికి తీసుకెళ్లాడు. "తప్పు చదివిన అని నీ నోటితోని చెప్పు."

చెప్పా. తలెత్తలేదు.

"గదంత వదిలెయ్ మేడమ్. రేపు గాలి ఎట్లున్నది?" అన్నారాయన.

నవ్వబోయి దగ్గారు. రాజన్నకీ దగ్గొచ్చింది. ఒకర్నొకరు చూసుకుని ఇద్దరూ ఇంకా దగ్గారు.

ఈ వారమంతా ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని మ్యాప్ చూపించేదాన్ని. ఆయన తలూపితేనే గ్రూప్‌లో పెట్టేదాన్ని.

మొన్న కళ్లు ఆనలేదు. ఆక్సిజన్ మాస్క్ పక్కకి లాగి, "తెల్ల మచ్చ ఏమన్న ఉన్నదా?" అన్నాడు.

"లేదన్నా."

ఉంది. సరిగ్గా మన మీదే.

బయటి వరండాలోకొచ్చి "మాస్కులు పెట్టుకోండి" అని గ్రూప్‌లో పెట్టా. ఆయనకి నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఈరోజు గ్రూప్ నిండా దండాలు, పూలు. వాటి మధ్యలో యాదగిరి గారి మెసేజ్. "మేడమ్, డ్యూటీకి పోతున్న. ఇయ్యాల గాలి ఎట్లున్నది?"

మ్యాప్ చేసి పంపా. రెండుసార్లు చూసి మరీ.

ఇంట్లో నా సూట్‌కేస్ సర్దేస్తున్నారు. సోమవారం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం జాయినింగ్. "నాలుగు రోజులు పోతే అదే మర్చిపోతుంది" అని నాన్న హాల్లో అంటున్నారు, నాకు వినపడేలా.

రాజన్నా, ఇంక మాస్క్ తీసెయ్. దగ్గు రాకుండా, నిండుగా ఊపిరి తీసుకుని, హాయిగా పడుకో.

నేను బెంగళూరు వెళ్లడం లేదు.